జి.డి. నాయుడు యంత్రసృష్టి: మోటారు, రేజరు, రేడియో – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కోయంబత్తూరు ప్రాంతంలోని తెలుగు రైతు కుటుంబంలో జన్మించిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (1893–1974) ‘భారతదేశపు ఎడిసన్’గా ప్రసిద్ధులు. విద్యుత్ మోటారు, రేజరు, రేడియో, ఫ్యాను, కెమెరా పరికరాలు, ఓటు నమోదు యంత్రం, చిన్న కారు వంటి అనేక వస్తువులు ఆయన పేరుతో ముడిపడి ఉన్నాయి. వీటిని వింత వస్తువుల పట్టికగా చెప్పుకోవడమే ఇప్పటివరకు ఎక్కువగా జరిగింది. ఏ వస్తువు ఏ అవసరం నుండి పుట్టింది, వాటిలో మోటారు పరిశ్రమగా నిలబడగా తక్కినవి ఎందుకు నిలబడలేకపోయాయి, ఈ కృషిలో భాగస్వాములైన ఇతరుల స్థానం ఏమిటి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జి.డి. నాయుడు, కోయంబత్తూరు, విద్యుత్ మోటారు, గృహోపకరణాలు, డి. బాలసుందరం నాయుడు, పైకారా, లైసెన్సు విధానం.

1. కొంగునేలలో తెలుగు ఇల్లు

విజయనగర, మధుర నాయకరాజుల కాలాలలో దక్షిణానికి తరలివెళ్లిన తెలుగు రైతు కుటుంబాలు కొంగు ప్రాంతంలోని నల్లరేగడి నేలలలో స్థిరపడ్డాయి. తరాలు గడిచేకొద్దీ వారి భాష ఇంటికి పరిమితమైంది. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, బడిలోను బజారులోను తమిళంతో వ్యవహారం నడుపుకున్న సమాజం అది. కోయంబత్తూరు పారిశ్రామిక చరిత్రలో ఈ సమాజం పాత్ర పెద్దది. లక్ష్మీ మిల్లులు స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు, 1926లో ధర్మసంస్థను నెలకొల్పిన పి.ఎస్.జి. కుటుంబీకులు ఈ నేపథ్యంలోనివారే. పత్తి పండించిన చేతులే ఒకటి రెండు తరాలలో పత్తి మిల్లులు పెట్టాయి, మిల్లులలో పాడైన యంత్రాలను బాగుచేసుకుంటూ యంత్రాల తయారీకి చేరుకున్నాయి.

జి.డి. నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారు. పసితనంలోనే తల్లి మరణించారు. బడిచదువు మూడో తరగతి దాటలేదు. తరువాతి కాలంలో ఈ విషయాన్ని గొప్పగా చెప్పుకోవడం పరిపాటి అయింది. బడికి దూరమైన పిల్లలు ఆనాటి పల్లెల్లో అసంఖ్యాకం గనుక అది గొప్పా కాదు, లోపమూ కాదు. యంత్రాన్ని పుస్తకంలో కాక విప్పి చూసి తెలుసుకునే పద్ధతి ఆయనకు ఏకైక మార్గమైందన్నదే ఇక్కడ గమనించవలసిన అంశం.

ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి నడిపిన రడ్జ్ మోటారు సైకిలును చూసి, దానిని కొనడానికి కోయంబత్తూరులోని ఒక హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టారనీ, కొన్న తరువాత ముక్కలుగా విప్పి తిరిగి బిగించారనీ ఆయన జీవితకథలలో తప్పక కనిపించే ఘట్టం. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య రవాణా వ్యాపారం మొదలుపెట్టారు. ఆ ప్రాంతపు మిల్లు యజమాని రాబర్ట్ స్టేన్స్ ఆయనకు సహాయం చేశారు. కొన్నేళ్లలో యు.ఎం.ఎస్. అనే పేరుతో ఆ సంస్థ దక్షిణదేశంలో ప్రసిద్ధమైన బస్సు సంస్థగా ఎదిగింది. తరువాతి ప్రయోగాలన్నింటికీ ఈ బస్సులే మూలధనం. బస్సు నడవాలంటే మరమ్మతు చేసే షెడ్డు కావాలి, షెడ్డులో లేతు యంత్రం, దానిమీద పనిచేసే మనుషులు కావాలి. విదేశం నుండి విడిభాగం వచ్చేదాకా బస్సును నిలబెట్టుకోలేని యజమాని ఆ భాగాన్ని తన షెడ్డులోనే చేయించుకోవడం నేర్చుకుంటాడు. నాయుడు ప్రయోగశాల ఇటువంటి షెడ్డులోనే రూపుదిద్దుకుంది.

2. నీలగిరి నీరు, కోయంబత్తూరు బావి

1937లో పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో విద్యుత్ మోటారు తయారైంది. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు ఇదేనన్నది విస్తృతంగా వ్యాప్తిలో ఉన్న మాట. ‘తొలి’ అనే విశేషణం పరిశ్రమల చరిత్రలో ఎప్పుడూ జాగ్రత్తగా వాడవలసినదే. ఒక నమూనా చేయడం, అమ్మకానికి పనికివచ్చే వస్తువును చేయడం, దానిని వరుసగా ఉత్పత్తి చేయడం వేర్వేరు దశలు. ఆ వివాదాన్ని పక్కన పెట్టినా, ఈ మోటారు 1937లోనే, కోయంబత్తూరులోనే ఎందుకు పుట్టిందనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

దీనికి సమాధానం నీలగిరులలో దొరుకుతుంది. 1932లో పైకారా జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. కొండమీది నీటితో పుట్టిన కరెంటు కిందనున్న కోయంబత్తూరు మైదానానికి చేరింది. 1937లో మెట్టూరు విద్యుత్తు దానికి తోడైంది. బొగ్గు గనులకు దూరంగా ఉండి, ఆవిరి యంత్రాల ఖర్చు భరించలేని ప్రాంతంలో మిల్లుల సంఖ్య 1930వ దశకంలో వేగంగా పెరగడానికి ఈ కరెంటే ప్రధాన కారణం.

మిల్లులతో పాటు బావుల సంగతీ ఉంది. కోయంబత్తూరు జిల్లా వర్షచ్ఛాయా ప్రాంతం. పెద్ద కాలువల నీరు అందని గ్రామాలలో రాతినేలను తొలిచిన లోతైన దిగుడుబావులే వ్యవసాయానికి ఆధారం. ఎద్దులను వాలుబాట మీద ముందుకూ వెనక్కూ నడిపిస్తూ తోలుబానతో నీరు తోడే పద్ధతిని తెలుగునేల మీద మోట అనీ, రాయలసీమలో కపిల అనీ అంటారు. తమిళంలో దాని పేరు కవలై. నీటిమట్టం దిగిపోయేకొద్దీ ఎద్దుల నడక పెరుగుతుంది, తడిసే చెక్క తగ్గుతుంది. అటువంటి బావి గట్టుకు కరెంటు తీగ చేరినప్పుడు రైతుకు కావలసింది పంపు, దానిని తిప్పే మోటారు. అవి విదేశాల నుండి రావాలి, వాటికి పెట్టవలసిన ధర చిన్నరైతుకు అందదు. కరెంటు దగ్గరికి వచ్చింది గాని మోటారు దూరంగానే ఉండిపోయింది. 1937నాటి ప్రయత్నానికి ఈ అంతరమే నేపథ్యం.

మోటారు సూత్రం అప్పటికి కొత్తది కాదు. నికోలా టెస్లా ఏ.సి. మోటారు పేటెంట్లు 1888 నాటివి. మూడు ఫేజుల కరెంటును స్థిరభాగంలోని తీగచుట్టలలోకి పంపితే అక్కడ తిరిగే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. మధ్యనున్న భ్రమణభాగంలోని కడ్డీలలో ఆ క్షేత్రం కరెంటును ప్రేరేపించి దానిని తనవెంట తిప్పుకుంటుంది. ఇటువంటి ఇండక్షన్ మోటారులో కార్బన్ బ్రష్షులు ఉండవు, అరిగిపోయే భాగాలు తక్కువ. బావి గట్టున దుమ్ములోనూ తడిలోనూ పనిచేయడానికి అనువైన యంత్రం ఇది.

సూత్రం అందరికీ తెలిసినదైతే కష్టం ఎక్కడుంది? కష్టమంతా చేతిపనిలో ఉంది. స్థిరభాగాన్ని గట్టి ఇనుపదిమ్మతో చేస్తే సుడి ప్రవాహాల వల్ల అది వేడెక్కుతుంది. అందుకని పలుచని ఉక్కురేకులను ఒకే కొలతలో కత్తిరించి, ఒకదానికొకటి విద్యుత్తు సోకకుండా పూతపూసి పేర్చాలి. గాడులలో రాగితీగను పూత చెదరకుండా చుట్టాలి. స్థిరభాగానికీ భ్రమణభాగానికీ మధ్య ఖాళీ చిన్న మోటార్లలో మిల్లీమీటరులో కొంతభాగమే ఉంటుంది. ఇరుసు ఏ మాత్రం వంకరైనా రెండూ ఒరుసుకుంటాయి. పోతపోసే కొలిమి, లేతుమీద తేరిన చెయ్యి, రేకు కత్తిరించే అచ్చు, ఇన్ని నైపుణ్యాలు ఒక్కచోట కూడితే తప్ప మోటారు పుట్టదు. వలసపాలనలోని దేశంలో ‘ఆవిష్కరణ’ అనే మాటకు ఉన్న ప్రత్యేకార్థం ఇక్కడ గమనించాలి. ప్రపంచానికి తెలియని సూత్రాన్ని కనిపెట్టడం కాక, ప్రపంచానికి తెలిసినదే అయినా తమకు అందనివ్వని వస్తువును తమ చేతులతో చేయగలగడం ఇక్కడ ఆవిష్కరణ అయింది. ఆ పనిని తక్కువ చేసి చూడనక్కరలేదు.

ఈ మోటారును రూపొందించిన సాంకేతిక నిపుణులు డి. బాలసుందరం నాయుడు. జి.డి. నాయుడు ఆయనకు పెట్టుబడిలో, కృషిలో భాగస్వామి. బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించి వస్త్రపరిశ్రమ యంత్రాల తయారీలో పేరు గడించారు. జనశ్రుతిలో మాత్రం మోటారు జి.డి. నాయుడు ఒక్కరి సృష్టిగా మారిపోయింది. ‘ఎడిసన్’ అనే బిరుదులోనే ఈ ప్రమాదం దాగి ఉంది. అమెరికా ఎడిసన్ ప్రయోగశాలలోని సహాయకుల పేర్లు కూడా ఇలాగే ఆయన పేరు కింద మరుగునపడ్డాయి.

3. తీగలేని ఇంటికి గృహోపకరణాలు

నాయుడు చేసిన గృహవస్తువులలో ఎక్కువగా ప్రచారం పొందినది ‘రసాంత్’ విద్యుత్ రేజరు. ఐరోపా పర్యటనలలో, ముఖ్యంగా జర్మనీలో, ఆయన చూసిన చిన్న మోటార్ల ప్రభావం దీనిమీద ఉంది. పేరు కూడా జర్మన్ మాటే, అత్యంత వేగవంతమైనదని అర్థం. అమెరికాలో జేకబ్ షిక్ విద్యుత్ రేజరు 1931లో అమ్మకానికి వచ్చింది. ఐరోపాలో ఫిలిప్స్ రేజరు 1939లో వచ్చింది. ఆ వరుసలో చూస్తే కోయంబత్తూరులోని ప్రయత్నం కాలానికి ఏమాత్రం వెనుకబడినది కాదు.

షిక్ రేజరు గోడకున్న ప్లగ్గు నుండి కరెంటు తీసుకునేది. రసాంత్ పొడిబ్యాటరీలతో నడిచేది. ఈ తేడా చిన్నదిగా కనిపించినా దానిలో ఆనాటి దేశస్థితి అంతా ఉంది. నగరాలలోని కొద్ది ఇళ్లకు మినహా కరెంటు లేని దేశంలో, ప్లగ్గు అవసరమైన రేజరును ఎవరు కొంటారు? టార్చిలైటు ద్వారా పొడిబ్యాటరీ అప్పటికే పల్లెలకు పరిచయమైంది. అయితే బ్యాటరీతో నడిచే మోటారు చేయడం ప్లగ్గు మోటారు కంటే కష్టం. ఒక్కో పొడిఘటం ఇచ్చేది ఒకటిన్నర వోల్టు మాత్రమే. అంత స్వల్పశక్తితో గడ్డాన్ని గొరిగే వేగం రావాలంటే మోటారులో ఘర్షణ అత్యల్పంగా ఉండాలి, కత్తి పదునుగా ఉండాలి. అతి పలుచని షేవింగ్ బ్లేడు కూడా నాయుడు ఆవిష్కరణల జాబితాలో కనిపించడం ఈ దృష్టితో చూస్తే యాదృచ్ఛికం అనిపించదు.

కిరసనాయిలుతో నడిచే ఫ్యాను విషయమూ ఇటువంటిదే. కిరసనాయిలు ఫ్యాన్లు అంతకుముందే దేశంలో ఉన్నాయి. కింద దీపం మండుతుంటే సిలిండరులోని గాలి వేడెక్కి వ్యాకోచించి, చల్లబడి సంకోచించి ముషలకాన్ని కదిలించే వేడిగాలి యంత్రసూత్రం మీద అవి సాధారణంగా పనిచేసేవి. నాయుడు దృష్టి దానివైపు మళ్లడం ఆయన ఆలోచనాధోరణిని పట్టి ఇస్తుంది. తీగ చేరిన బావికి మోటారు, తీగ చేరని ఇంటికి బ్యాటరీ రేజరూ కిరసనాయిలు ఫ్యానూ. పండ్లరసం తీసే యంత్రం కూడా ఈ కోవలో చెప్పదగినదే.

కెమెరా పరికరం ఆయన సొంత సరదా నుండి పుట్టింది. నాయుడు కెమెరా లేకుండా ప్రయాణించినవారు కాదు. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను చలనచిత్రంగా తీశారు. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసులను కెమెరాలో బంధించారు. ఫిల్ము కెమెరాలకు దూరాన్ని సరిచేసే సాధనాన్ని ఆయన రూపొందించడం ఒక వాడుకరి తన పనిముట్టులో కనుగొన్న లోటును తానే తీర్చుకున్న సందర్భం.

4. డెబ్బై రూపాయల రేడియో

1941లో నాయుడు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు దేశంలోనే తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించారు. ఈ ప్రకటన వెలువడిన సందర్భం ముఖ్యమైనది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. ఆ కేంద్రం తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలనూ ప్రసారం చేసేది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాల శ్రోతలకు మద్రాసే ప్రధాన ఆధారం. ప్రసారం ఉంది గాని వినడానికి రేడియో పెట్టెలు కొద్ది ఇళ్లలోనే ఉండేవి. అవి దిగుమతి సరుకు. రెండవ ప్రపంచయుద్ధం వల్ల ఆ దిగుమతులకూ ఆటంకం ఏర్పడింది.

అయిదు వాల్వులనే లెక్క కూడా ఊరికే చెప్పినది కాదు. వచ్చిన తరంగాన్ని ఒక స్థిర పౌనఃపున్యానికి మార్చే వాల్వు, దానిని పెంచే వాల్వు, అందులోని శబ్దసంకేతాన్ని విడదీసే వాల్వు, స్పీకరును పలికించే వాల్వు, ఏ.సి.ని డి.సి.గా మార్చే వాల్వు, మొత్తం అయిదు. సామాన్య కుటుంబం సంతృప్తిగా వినదగిన రేడియోకు ప్రపంచమంతటా స్థిరపడిన కొలత ఇది. ఒకటి రెండు వాల్వుల చవక పెట్టె చేసి ఇస్తానని నాయుడు అనలేదు. పూర్తిస్థాయి పెట్టెనే చవకగా ఇస్తానన్నారు.

అయినా ఆ రేడియో ఇంటింటికీ చేరలేదు. వాల్వు తయారీ అత్యంత శూన్యస్థితిని సాధించగల పరిశ్రమను కోరుతుంది. లేతు, కొలిమి ఉన్న షెడ్డు నుండి మోటారు రావచ్చు గాని వాల్వు రాదు. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఏర్పడింది 1954లో. ప్రభుత్వ పెట్టుబడి మీద, రక్షణావసరాల కోసం నెలకొన్న అటువంటి సంస్థలే తరువాత ఆ లోటును పూరించాయి. మోటారు నిలబడడానికి, రేడియో నిలబడకపోవడానికి ఉన్న కారణాలలో ఇది ముఖ్యమైనదిగా తోస్తుంది. రాగి, ఇనుము, మనిషి చెయ్యి ఉన్న ఊరిలో మోటారు వేళ్లూనుకుంది. రేడియోకు ఊరు చాలలేదు, దేశం కావలసివచ్చింది.

5. ఓటు యంత్రం, చిన్న కారు

మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో నాయుడు పోటీచేసి ఓడిపోయారు. ఓట్లను మార్చడానికి వీలులేని విధంగా నమోదుచేసే యంత్రం ఆయన ఆవిష్కరణలలో ఒకటి. ఓటమికీ యంత్రానికీ ముడిపెట్టి చెప్పడం కథకు అందమే గాని ఆధారంతో కూడిన మాట కాదు. దేశంలో ఎలక్ట్రానిక్ ఓటు యంత్రం నమూనాను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. 1979లో రూపొందించింది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో అటువంటి యంత్రాలను తొలిసారి వాడారు. నాయుడు యంత్రానికీ దీనికీ సాంకేతిక వారసత్వం లేదు. ఒకే అవసరాన్ని రెండు తరాలు గుర్తించాయని మాత్రం చెప్పవచ్చు.

1952లో ఇద్దరు కూర్చోదగిన పెట్రోలు కారును సుమారు 2000 రూపాయల ధరకు ఇవ్వగలిగేలా ఆయన రూపొందించారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, తయారీ ఆగిపోయింది. 1951నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అప్పుడే అమలులోకి వచ్చింది. ఏ పరిశ్రమ ఎవరు పెట్టాలో, ఎంత ఉత్పత్తి చేయాలో నిర్ణయించే అధికారం కేంద్రప్రభుత్వానికి దక్కింది. కార్ల రంగంలో కొద్ది సంస్థలకే అనుమతినిచ్చి, వాటిచేత క్రమంగా పూర్తి స్వదేశీ కార్లు చేయించాలన్నది విధానం. విదేశీమారకం కొరతగా ఉన్న దేశానికి ఆ విధానం వెనుక ఒక తర్కం లేకపోలేదు. అయితే ఆ తర్కంలో షెడ్డు నుండి వచ్చిన యంత్రకారుడికి చోటు లేదు. పరాయి ప్రభుత్వం కింద మోటారు చేసిన మనిషి స్వపరిపాలనలో కారు చేయలేకపోయారు. నాయుడు అభిమానులు దీనిని ఢిల్లీ చేసిన ద్రోహంగా చెబుతారు. కారు నిజంగా ఆ ధరకు, వేల సంఖ్యలో, నమ్మకంగా తయారయ్యేదా అన్నది వేరే ప్రశ్న. అనుమతి రాకపోవడం వల్ల దానికి సమాధానం తేలే అవకాశమే లేకుండా పోయింది.

6. మూడో తరగతి ప్రిన్సిపాలు

1944లో నాయుడు మోటారు రవాణా వ్యాపారపు నిర్వహణ నుండి తప్పుకుని పరిశోధక విద్యార్థివేతనాలకు, కార్మికుల సంక్షేమానికి విరాళాలు ప్రకటించారు. 1945లో ఆయన చొరవతో, విరాళాలతో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. ఆ ఇంజనీరింగ్ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. మూడో తరగతితో బడి వదిలిన వ్యక్తి దానికి ప్రిన్సిపాలు అయ్యారు.

ఆ పదవిలో ఆయన ఎక్కువకాలం ఉండలేదు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తుందనీ, రెండేళ్లు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు, ఆయన రాజీనామా చేశారు. షెడ్డులో నేర్చుకున్నవాడికి ఈ వాదన సహజమే. కాని ఆయన రేడియో ఎదుర్కొన్న అవరోధమే ఈ వాదనకు ఎదురుసాక్ష్యం. రెండేళ్లలో మోటారు చుట్టడం నేర్పవచ్చు, వాల్వుల పరిశ్రమకు కావలసిన భౌతికశాస్త్రాన్ని నేర్పడం కష్టం. నాయుడు బలమూ పరిమితీ ఒకేచోట కనిపించే సందర్భం ఇది. ఆయన జీవితకథలు దీనిని ఒక మొండిమనిషి ముచ్చటగా చెప్పి వదిలేస్తాయి.

7. నిలిచిన వస్తువు, నిలిచిన పేరు

1974 జనవరి 4న నాయుడు మరణించారు. రేజరు, కెమెరా సాధనం వంటివి ఇప్పుడు కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో చూడవలసిన వస్తువులు. మోటారు మాత్రం ఊరంతా వ్యాపించింది. మోటార్లు, పంపులు, వాటికి పోతపోసే కర్మాగారాలు, విడిభాగాల షెడ్లు కోయంబత్తూరుకు మారుపేరయ్యాయి. భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు వెట్ గ్రైండరు ఆ మోటారు వంటింట్లోకి నడిచివచ్చిన రూపమే. కపిల బానలు మూలపడిన అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్ పల్లెలలోని బోరుబావులలోకి దిగిన మోటార్లలోనూ కోయంబత్తూరు తయారీ కనిపిస్తుంది. ఆ ఊరి పరిశ్రమకు మొదటి చుట్టు చుట్టినవారు ఇంట్లో తెలుగు మాట్లాడిన మనుషులన్న సంగతి తెలుగు రాష్ట్రాలలో అంతగా ప్రచారంలో లేదు. విజ్ఞానశాస్త్ర చరిత్రను తెలుగులో రాసినవారు ప్రాంతీయ సరిహద్దుల లోపలే వెతకడం ఇందుకు ఒక కారణం.

2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన సుమారు 10 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది. వీధుల పేర్ల నుండి కులనామాలను తొలగించాలని అదే ప్రభుత్వం అప్పుడే నిర్ణయించి ఉండడంతో, పేరు చివరనున్న ‘నాయుడు’ ఉండవచ్చునా అనే చర్చ చెలరేగింది. ‘నాయుడు’ తీసివేస్తే మిగిలే రెండు పొడి అక్షరాలతో మనిషిని గుర్తుపట్టడం ఎలా అన్నది దానికి వచ్చిన జవాబు. ఆ వంతెన పీలమేడు మీదుగానే సాగుతుంది. 1937లో అక్కడ మోటారును రూపొందించిన బాలసుందరం నాయుడు పేరు ఆ చర్చలో ఎక్కడా ప్రధానంగా వినిపించలేదు.